ఏడో ద్వారపాలకుడి వీపు

పరాంకుశం దరఖాస్తు మూడోసారి కూడా తిరిగొచ్చింది.

మొదటిసారి తిరిగి రావడానికి కారణం ఇడ్లీ ప్లేటు. రెండోసారీ మూడోసారీ కారణం వీపు.

ఆ ఆదివారం ఉదయం అతను ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని, వేషం సామానంతా ఆటోలో వేసుకుని, చీరాల రైల్వే గేటు అవతల ఉన్న సిలార్ సాహెబు కొట్టుకు వెళ్ళాడు. సాహెబుకు డెబ్బై దాటాయి. నాటకాల వాళ్ళకు కిరీటాలు, గదలు, కవచాలు చేసివ్వడం ఆయన పని. యాభై ఏళ్ళుగా అదే పని. పరాంకుశం ఆయనకు రెండేళ్ళ శిష్యుడు. కవచం చేయించుకుందామని వచ్చిన మనిషిని ఆయన కూర్చోబెట్టి, చేతికి సుత్తి ఇచ్చి, "నీకు కావాల్సింది నువ్వే కొట్టుకో" అన్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పరాంకుశం అక్కడ రేకు కొడుతూనే ఉన్నాడు.

మిగతా ఆరు రోజులూ అతను పొలాలు కొలిచే సర్వేయరు. వయసు నలభై ఒకటి. పొడుగ్గా, సన్నగా, గుంపులో ఉంటే ఎవరూ ఆనవాలు పట్టలేనట్టు ఉంటాడు.

అతని కథ అంతా ఒక సినిమాతో మొదలైంది. పేరు 'సప్తద్వార నగరం'. నలభై ఏళ్ళ కిందటి జానపదం. తొమ్మిదేళ్ళప్పుడు డేరా హాల్లో ఇసుక మీద కూర్చుని చూశాడు. అందరికీ కత్తి తిప్పిన కథానాయకుడు నచ్చాడు. పరాంకుశానికి ఏడో ద్వారపాలకుడు నచ్చాడు.

ఆ సినిమాలో కోటకు ఏడు ద్వారాలు. రాకుమారి చెరలోంచి తప్పించుకుని పరుగెత్తుకొస్తుంది. మొదటి ఆరు ద్వారాల దగ్గర కాపలావాళ్ళు మందు కలిపిన పాయసం తాగి నిలబడే నిద్రపోతుంటారు. ఏడోవాడికి పాయసం అందదు. వాడొక్కడే మేలుకుని ఉంటాడు. ఆపమని రాజాజ్ఞ. వాడు రాకుమారిని చూస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, అడ్డంగా పెట్టిన బల్లేన్ని పైకెత్తుతాడు. ఆమె వెళ్ళిపోతుంది. వాడికి ఒక్క మాట లేదు. ఉన్నదంతా పందొమ్మిది సెకన్లు. ఆ తర్వాత వాడేమయ్యాడో సినిమా చెప్పదు.

తొమ్మిదేళ్ళ పరాంకుశం ఆ రాత్రి ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మని అదే అడిగాడు. "వాడి ఉద్యోగం పోయుంటుంది" అంది ఆమె. అతను చాలాసేపు ఏడ్చాడు.

ఆ సినిమాకి ఇప్పటికీ విజయవాడలో ఒక అభిమాన దళం ఉంది. అందులో ద్వారపాలకుడిగా చేరాలంటే వేషం తెరమీద ఉన్నట్టే ఉండాలి. దానికి అరవై నాలుగు పేజీల నిబంధనావళి ఉంది. ఆరు ద్వారాలకూ మనుషులు కుదిరారు. ఏడోది మాత్రం ఖాళీ. నిరుడు వార్షికోత్సవానికి ఆ స్థానంలో అట్టబొమ్మ నిలబెట్టారు. అట్టబొమ్మకు చప్పట్లు బాగానే పడ్డాయని దళం వాళ్ళు రాసుకున్నారు. ఆ మాట చదివిన రోజు పరాంకుశం అన్నం సరిగా తినలేదు.

కవచం కొట్టడం కష్టమే అయినా, అసలు కష్టం సామాను కొనడంలో ఉంది. నడికట్టు బకిలు జట్కాగుర్రం జీనుదని నిబంధనావళి ఇరవై రెండో పేజీలో ఉంది. అలాంటిది ఒంగోలులో ఒకాయన దగ్గర దొరికింది. కాకపోతే గుర్రం ఇంకా దాన్ని వాడుతోంది. పరాంకుశం కొత్త బకిలు కొనిచ్చి, జట్కా ఆయన మార్చేదాకా గుర్రం ముందు నిలబడ్డాడు. గుర్రం అతన్ని అంతసేపూ చూస్తూనే ఉంది. బూట్లు గుంటూరులో బ్యాండు మేళం వాళ్ళ దగ్గర దొరికాయి. వాళ్ళు ఎడమ బూటు వెంటనే ఇచ్చారు. కుడిది పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక ఇచ్చారు.

ఇక రొమ్ముకవచం మధ్య ఉండే నాలుగు గుంటల బిళ్ళ. అది నిజానికి ఇడ్లీ ప్లేటు. ఆ సినిమా కళాదర్శకుడికి అవసరానికి చేతికి అదే దొరికిందట. నిబంధనావళి ప్రకారం గుంట అడ్డుకొలత ఏడు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు ఉండాలి. మొదటి దరఖాస్తు ఆ కొలత దగ్గరే తిరిగొచ్చింది. పరాంకుశం వెర్నియర్ కొలబద్ద పట్టుకుని విజయవాడ స్టీలు సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. ఎక్కడ చూసినా ఎనిమిది.

"ఇప్పుడన్నీ పెద్దవే సార్" అన్నాడు ఒక కొట్టాయన. "జనానికి ఆకలి పెరిగింది."

చివరికి బాపట్లలో మూసేస్తున్న పాత హోటల్లో ఒకటి దొరికింది. హోటలాయన సంతోషపడి, "ఇడ్లీలు ఇందులో దూదిలా వస్తాయండి. ఇంట్లోకా?" అనడిగాడు.

"కాదండీ. రొమ్ముకు."

హోటలాయన గబగబా ప్లేటు కాగితంలో చుట్టిచ్చాడు.

ఇంటికి తెచ్చాక పరాంకుశం భార్య సువర్చల దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గుండె మీద పెట్టుకునే ముందు ఒక్క వాయి వేసుకుందామా?" అంది.

"వేడికి కొలత మారుతుంది" అన్నాడు అతను.

ఆమె ప్లేటు కింద పెట్టి, ఉప్మాకి రవ్వ వేయించింది.

అలా రెండేళ్ళలో ముందువైపంతా కుదిరింది. మిగిలింది వీపు. ఏడో ద్వారపాలకుడు ఆ పందొమ్మిది సెకన్లలో ఒక్కసారి కూడా వెనక్కి తిరగడు. నిబంధనావళి నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: 'వెనుక భాగము: వెండితెరపై కనబడలేదు. అయినను ప్రమాణబద్ధముగా ఉండవలెను.'

పరాంకుశం ఆలోచించి వీపున ఇత్తడి గుబ్బలు కొట్టి ఫోటో పంపాడు. 'వెనుక భాగము ఊహాజనితము' అని తిరిగొచ్చింది. గుబ్బలన్నీ పీకేసి, వీపు మొత్తం నల్ల రెక్సినుతో ఖాళీగా కుట్టి పంపాడు. 'వెనుక భాగము అసంపూర్ణము' అని తిరిగొచ్చింది. వార్షికోత్సవానికి ఇంకా మూడు వారాలుంది. ఉత్తరం అడుగున ఒక ముక్క ఎక్కువ రాశారు: తేలకపోతే ఈసారి కూడా అట్టబొమ్మేనట.

సిలార్ సాహెబు ఉత్తరం చదవలేదు. ఆయన రావణాసురుడి తలలు చేస్తున్నాడు. బొబ్బర్లంక నాటక సమాజం వాళ్ళు పది తలలు కావాలన్నారు. కాగితపు గుజ్జులో మైదా జిగురు కలిపి అచ్చు తీసి, కొట్టు లోపల వరసగా ఆరబెట్టాడు. తొమ్మిది ఉన్నాయి.

"మళ్ళీ కొట్టేశారా?" అన్నాడు తల ఎత్తకుండా.

"మళ్ళీ వీపేనండి" అన్నాడు పరాంకుశం. "గురువుగారూ, మీరు ఇన్నేళ్ళు ఇన్ని వేషాలు కట్టించారు. వాడి వీపు మీద ఏముంటుంది? పేరు చెప్పండి చాలు. మద్రాసులో ఉన్నా, బొంబాయిలో ఉన్నా కొనుక్కొస్తాను."

సాహెబు చేతులకంటిన జిగురు గుడ్డతో తుడుచుకున్నాడు. గోడ గడియారం చూశాడు.

"తెచ్చినవన్నీ వేసుకో" అన్నాడు.

ఆ వేషం పరాంకుశం ఫోటోల కోసం తప్ప ఎప్పుడూ వేసుకోలేదు. ఫోటో అయిన పది నిమిషాలకే విప్పి పాత దుప్పట్లో చుట్టి పెడతాడు. బయట మే నెల ఎండ.

"రంగు పొట్టు లేస్తుందండి."

అంటూనే పరాంకుశం వేసుకున్నాడు. బూట్లు, నడికట్టు, రొమ్ముకవచం, భుజకీర్తులు, శిరస్త్రాణం, చివరికి బల్లెం. పావుగంట పట్టింది.

"నేను మసీదుకు వెళ్ళొస్తా. తలుపు రెక్క ఊడి వారమైంది, గడియ పడదు. గుమ్మంలో నిలబడు. మేకల్ని లోపలికి రానీకు. మైదా వాసన పట్టుకుని వస్తాయి. పదో తల అలాగే పోయింది."

"గురువుగారూ, నా ప్రశ్న..."

"వచ్చి చెప్తాగా."

ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

పరాంకుశం గుమ్మం బయట నిలబడ్డాడు. మొదటి పది నిమిషాలు నిబంధనావళి ప్రకారం నిలబడ్డాడు. కుడిపాదం పక్కకి, బల్లెం పన్నెండు డిగ్రీల వాలు, గడ్డం నేలకు సమానంగా. వీపు గోడకు తగలకుండా జానెడు ఎడంగా ఉన్నాడు. సిలార్ సాహెబు కొట్టుకి ప్రతి రంజానుకూ సున్నం కొట్టిస్తారు. పాత సున్నం గీకకుండానే దానిమీద కొత్తది. ముట్టుకుంటే చేతికొస్తుంది.

చేపల బుట్టతో ఒకామె అటు వచ్చి ఆగింది. "నాటకం ఎక్కడబ్బాయా?" అంది.

ఏడో ద్వారపాలకుడికి మాటలు లేవు. పరాంకుశం మాట్లాడలేదు.

ఆమె బుట్ట దింపి, గుమ్మం నీడలో కాసేపు కూర్చుంది. చెంగుతో మొహం తుడుచుకుంటూ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఇడ్లీ ప్లేటు దగ్గర కొంచెం ఎక్కువసేపు చూసింది. లేచి, "మాట రాదు గావాల, పాపం. ఆ బుట్ట కాస్త ఎత్తిపెట్టు నాయనా" అంది.

బల్లెం గోడకి ఆనించి బుట్ట ఎత్తక తప్పలేదు. నెత్తిన పెట్టేటప్పుడు చేపల నీళ్ళు అతని ఎడమ భుజకీర్తి మీదుగా కారి ఇడ్లీ ప్లేటులో పై రెండు గుంటల్లో నిలిచాయి. "చల్లగా ఉండు" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మేకలొచ్చాయి. మూడు. ముందున్నది తెల్లది, గడ్డం ఉన్నది, అనుభవం ఉన్నది. అది అతన్ని చూడనట్టే నాలుగు గజాల దూరంలో ఎండుగడ్డి నములుతూ నిలబడింది. అతను బల్లెం అడ్డంగా పెట్టాడు. అది కిందనుంచి దూరబోయింది. బల్లెం దించాడు. మిగతా రెండూ పైనుంచి దూకబోయాయి. పరాంకుశం కొలతలు మర్చిపోయాడు. కాళ్ళు రెండూ వెడల్పుగా పెట్టి, బల్లెం అటూ ఇటూ తిప్పుతూ, నోటితో చిత్రమైన చప్పుళ్ళు చేస్తూ పావుగంట పోరాడాడు. మేకలు వెనక్కి తగ్గాయి. పూర్తిగా వెళ్ళలేదు. నీడలో కూర్చుని అతను ఎప్పుడు అలసిపోతాడా అని చూస్తున్నాయి.

అతను అప్పటికే అలసిపోయాడు. శిరస్త్రాణంలోంచి చెమట కళ్ళల్లోకి దిగుతోంది. బ్యాండువాళ్ళ కుడి బూటు కరుస్తోంది. నమాజు ఎప్పుడో అయిపోయింది. వీధి చివర టీకొట్టు బల్ల మీద సిలార్ సాహెబు తెల్లటోపీ కనబడుతోంది. ఆయన తీరిగ్గా ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ముందు అతని భుజం ఒకటి గోడకి తగిలింది. తీసేశాడు. మళ్ళీ తగిలింది. ఈసారి తియ్యలేదు. నెమ్మదిగా రెండో భుజం, నడుం, తల వెనకభాగం అన్నీ గోడకి చేరాయి. గోడ చల్లగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. అలా ఎంతసేపున్నాడో తెలియదు.

తెల్లమేక లేచింది. పరాంకుశం గోడ వదిలి బల్లెంతో ముందుకొచ్చాడు.

వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

ఆ పందొమ్మిది సెకన్లలో నాలుగో సెకను. రాకుమారి అడుగుల చప్పుడు వినపడగానే ఏడో ద్వారపాలకుడి భుజాలు ముందుకొస్తాయి. ఆ కదలికను అతను కంప్యూటరులో ఆపి ఆపి కొన్ని వందలసార్లు చూశాడు. మూడంగుళాలు అని కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. వాడు దేన్ని వదిలి ముందుకొస్తున్నాడని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మేక అతని పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది.

సాహెబు వచ్చేసరికి ఎనిమిది తలలున్నాయి. తొమ్మిదో దానికి చెవి, సగం మీసం మిగిలాయి. పరాంకుశం మేకను బయటికి తోలి, గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

సాహెబు తలల వైపు ఒకసారి చూశాడు. శిష్యుడి భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు.

నల్ల రెక్సిను మీద రెండు భుజాల దగ్గరా రెండు తెల్లటి మరకలు. నడుం దగ్గర ఒకటి. శిరస్త్రాణం వెనక అరచేతంత. చెమటకి తడిసి సున్నం బాగా పట్టుకుంది.

పరాంకుశం చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసుకున్నాడు. వేళ్ళు తెల్లబడ్డాయి. "అయ్యో, తుడిచేస్తానండి" అన్నాడు, అలవాటుగా.

సాహెబు అతని చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. కూర్చుని, తొమ్మిదో తలకి మళ్ళీ గుజ్జు కలపడం మొదలుపెట్టాడు.

పరాంకుశం ఆ పూట ఇంటికి వెళ్ళి వీపు ఫోటో తీయించి పంపాడు. సువర్చల రెండు ఫోటోలు తీసింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నారు" అంది.

వారానికి దళం ప్రమాణాల అధికారి స్వయంగా సాహెబు కొట్టుకు వచ్చాడు. ఆయన పేరు డాక్టర్ మృత్యుంజయరావు. పళ్ళ డాక్టరు. నిబంధనావళి రాసింది ఆయనే. నల్లటి కోటు వేసుకుని, చిన్న పెట్టెతో దిగాడు. పెట్టెలో భూతద్దం, టేపు, నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఉన్నాయి. కొట్టు ముందు పరాంకుశాన్ని నిలబెట్టి, బూటు కుట్లనుంచి మొదలుపెట్టాడు. బకిలు చూశాడు. ఇడ్లీ ప్లేటు ఒక్కో గుంటా కొలిచాడు. "వాసనొస్తోంది" అన్నాడు. "చేపలండి" అన్నాడు పరాంకుశం. డాక్టరు నిబంధనావళి తిరగేశాడు. వాసన గురించి అందులో ఏమీ లేదు. వదిలేశాడు.

తర్వాత వెనక్కి వెళ్ళాడు. చాలాసేపు భూతద్దంతో చూశాడు, చిన్న అద్దంతో చంకల కింద చూశాడు.

"ఇది ఏ కంపెనీ తెల్లరంగండీ?" అన్నాడు చివరికి. "నంబరు చెబితే నలభై ఒకటో పేజీలో చేర్చాలి. తర్వాత వచ్చేవాళ్ళు కొనుక్కోవాలి గదా."

పరాంకుశం నోరు తెరిచాడు. ఈలోగా సాహెబు టోపీ సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"డాక్టరు గారూ, నమాజుకి వేళయింది. మా వాణ్ణి వెంట తీసుకెళ్ళాలి, టీ తాగించాలి. వచ్చేదాకా మీరు కాస్త గుమ్మంలో నిలబడతారా? లోపల తలలున్నాయి."

"నేనా?" అన్నాడు డాక్టరు.

"ఆ బల్లెం తీసుకోండి."

పరాంకుశం బల్లెం ఆయన చేతికిచ్చాడు. నీడలో మేకలు లేచి కూర్చున్నాయి.

గురుశిష్యులిద్దరూ గంట తర్వాత వచ్చారు. డాక్టరు మొహం కందిపోయి ఉంది. బల్లెం రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. తలలు మాత్రం తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి. ఆయన బల్లెం అప్పగించి, పెట్టె తీసి, దరఖాస్తు మోకాలి మీద పెట్టుకున్నాడు. వెనుక భాగము అన్నచోట ఏదో రాయబోయి, కొట్టేసి, 'చూశాను' అని రాశాడు. సంతకం పెట్టాడు.

స్టేషనుకి నడుచుకుంటూ వెళ్తుంటే ఆయన నల్లకోటు వెనక రెండు తెల్లటి మరకలు కనబడ్డాయి. పరాంకుశం పిలిచి చెబుదామనుకున్నాడు. సాహెబు మొహం చూసి ఊరుకున్నాడు.

వార్షికోత్సవం విజయవాడలో ఒక పాత హాల్లో జరిగింది. మధ్యాహ్నం ఆట. ఏడుగురు ద్వారపాలకులూ హాలు ముందు వరసగా నిలబడ్డారు. మొదటి ఆరుగురూ నిబంధన ప్రకారం కళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు. వచ్చినవాళ్ళు వాళ్ళ పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. ఏడోవాడి దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ. వాడు కళ్ళు తెరుచుకుని ఉండటంతో జనం కొంచెం మొహమాటపడ్డారు. పరాంకుశానికి అది బాగానే ఉంది.

ఆట మొదలయింది. అందరూ లోపలికి వెళ్ళారు. ఆరుగురూ కళ్ళు తెరిచి, తమ నిద్ర తెరమీద చూసుకోవడానికి పరుగెత్తారు. పరాంకుశం మాత్రం కదల్లేదు. మొదటి ద్వారం, రెండో ద్వారం సంగీతం లోపలినుంచి వినబడుతోంది.

వెనకనుంచి చెప్పుల చప్పుడైంది. ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన స్టూలు మోసుకొచ్చాడు. హాలు గేటు మనిషి. టికెట్లు చింపడం అయిపోయి వస్తున్నాడు. ఆయన పరాంకుశం మొహం చూడలేదు, ఇడ్లీ ప్లేటు చూడలేదు, వీపు చూశాడు. స్టూలు అతని వెనక పెట్టి, భుజం మీద తట్టాడు.

"కూర్చో తమ్ముడూ. ఆట మొదలైతే ఇంక ఎవరూ రారు." ఆయన పక్కనే గోడకి ఆనుకున్నాడు. ఖాకీ చొక్కా భుజాలు రెండూ తెల్లగా ఉన్నాయి. "ఇంతకుముందు ఏ హాల్లో చేశావు?"

లోపల ఏడో ద్వారం వచ్చింది. రాకుమారి అడుగుల చప్పుడు.

పరాంకుశం స్టూలు మీద కూర్చున్నాడు.

"చీరాలలోనండి" అన్నాడు.